బేస్ హానర్ గార్డ్‌లో చేరాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఎయిర్ ఫోర్స్‌లో తెలుగు పేర్లు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఉన్నారు, గ్రీన్ కార్డు మీద చేరినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరు బేస్ హానర్ గార్డ్ గురించి నన్ను అడుగుతుంటారు. వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నలు అడుగుతారు. నేను ఒక బేస్‌లో ఈ పని చేశాను కాబట్టి తరచూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎన్ని నెలలు చేయాలి, షిఫ్టులు ఎలా ఉంటాయి లాంటివి బేస్‌ని బట్టి మారతాయి. అలాంటి విషయాల్లో మీ బేస్ వాళ్ళు చెప్పిందే ఫైనల్.

బేస్ హానర్ గార్డ్ అంటే ఏమిటి?

ప్రతి పెద్ద ఎయిర్ ఫోర్స్ బేస్‌లో సైనిక లాంఛనాలు జరిపించడానికి ఒక టీమ్ ఉంటుంది. అందులో ఉండేవాళ్ళు మామూలుగా వేరే ఉద్యోగాలు చేసేవాళ్ళే. ఒకరు విమానం ఇంజిన్ మెకానిక్, ఒకరు ఆస్పత్రిలో టెక్నీషియన్, ఇంకొకరు ఆఫీసులో ఫైనాన్స్ చూసే మనిషి. కొన్నాళ్ళపాటు ఆ పనికి తోడుగానో, దాన్ని పక్కన పెట్టో ఈ డ్యూటీ చేస్తారు. ఒక్కో బేస్‌కి కొంత ప్రాంతం అప్పగిస్తారు. అది ఒక్కోసారి చాలా కౌంటీల మేర ఉంటుంది. ఆ ప్రాంతంలో ఎక్కడ ఎయిర్ ఫోర్స్ మాజీ సైనికుడు చనిపోయినా ఆ బేస్ టీమే వెళ్ళాలి. తెల్లవారుజామున వ్యాన్ ఎక్కి గంటల తరబడి ప్రయాణం చేసి, పావుగంట కార్యక్రమం చేసి తిరిగి రావడం ఇందులో మామూలే.

ఆర్లింగ్టన్ జాతీయ సెమెటరీలో, టీవీలో కనిపించేది వీళ్ళేనా?

కాదు. వాషింగ్టన్‌లోని బోలింగ్ స్థావరంలో ఉండేది యునైటెడ్ స్టేట్స్ ఎయిర్ ఫోర్స్ హానర్ గార్డ్. దాన్ని 1948లో ఏర్పాటు చేశారు. వాళ్ళకి అదే పూర్తికాలపు ఉద్యోగం. ఆర్లింగ్టన్‌లో ఎయిర్ ఫోర్స్ వాళ్ళ అంత్యక్రియలు వాళ్ళు చూస్తారు. అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర పహారా కాసేది ఆర్మీకి చెందిన ఓల్డ్ గార్డ్. మన సంగతి వేరు. ఊరి చివర చిన్న సెమెటరీలో, పది కుర్చీల ముందు నిలబడేది బేస్ హానర్ గార్డే.

పెళ్ళిళ్ళు, పరేడ్లు ఎక్కువా, అంత్యక్రియలు ఎక్కువా?

అంత్యక్రియలే. మ్యాచ్‌కి ముందు జాతీయ గీతం పాడేటప్పుడు జెండాలు పట్టుకుని నిలబడటం, రిటైర్మెంట్ సభలు, కమాండర్ మారే కార్యక్రమాలు, నవంబర్ 11న వెటరన్స్ డే పరేడ్, మిలిటరీ పెళ్ళిలో కత్తుల తోరణం, ఇవన్నీ ఉంటాయి. ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవీ ఇవే. కానీ టీమ్ సమయంలో పెద్ద భాగం చనిపోయినవారి కోసమే పోతుంది. ఈ సంగతి తెలియకుండా చేరినవాళ్ళు మొదటి నెలలోనే ఇబ్బంది పడతారు, అందుకే ముందే చెబుతున్నాను.

దీని వెనక చట్టం ఉంది. 1999లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం 2000 జనవరి 1 నుంచి, అర్హత ఉన్న మాజీ సైనికుడి కుటుంబం అడిగితే సైనిక లాంఛనాలు జరిపించడం రక్షణ శాఖ బాధ్యత. కనీసం ఇద్దరు యూనిఫాంలో రావాలి. వారిలో ఒకరైనా చనిపోయిన వ్యక్తి పనిచేసిన దళం నుంచే రావాలి. జెండా మడిచి కుటుంబానికి ఇవ్వాలి, టాప్స్ అనే బ్యూగిల్ (బాకా) బాణీ వినిపించాలి. మనుషులు ఖాళీగా లేరని వెళ్ళకుండా ఉండే వీల్లేదు.

ఎంతమంది వెళతారు?

ఎయిర్ ఫోర్స్‌లో సాధారణంగా మూడు స్థాయిలు. కొన్నేళ్ళు పనిచేసి బయటికి వచ్చిన మాజీ సైనికుడికి ఇద్దరు వెళతారు. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవారికి ఏడుగురు. ఆ ఏడుగురే శవపేటిక మోస్తారు, తుపాకులు పేలుస్తారు, జెండా మడుస్తారు. సర్వీసులో ఉండగా చనిపోయినవారికైతే ఇరవై మంది.

కొత్తగా చేరినవాళ్ళకి పెద్ద టీమ్‌తో వెళ్ళాలని ఉంటుంది. నా అభిప్రాయంలో అసలు కష్టం ఇద్దరి కార్యక్రమంలోనే ఉంది. ఇరవై మందిలో ఒకరు తడబడితే మిగతావాళ్ళు కప్పేస్తారు. ఇద్దరే ఉన్నప్పుడు అందరి కళ్ళూ మీ చేతుల మీదే ఉంటాయి.

చేరాలంటే ఏం కావాలి?

ముందు మీ సూపర్‌వైజర్, కమాండర్ ఒప్పుకోవాలి. ఫిట్‌నెస్ టెస్టు పాసై ఉండాలి. రికార్డులో క్రమశిక్షణ చర్యలేవీ ఉండకూడదు. చాలాసేపు కదలకుండా నిలబడలేని, బరువు ఎత్తలేని వైద్య సమస్య ఉంటే కుదరదు. ఎక్కువగా కింది ర్యాంకుల వాళ్ళనే తీసుకుంటారు. కొన్ని యూనిట్లలో ఎవరూ ముందుకు రాకపోతే పేరు రాసి పంపించేస్తారు కూడా. అలా ఇష్టం లేకుండా వచ్చి, చివరికి ఇంకో విడత కావాలని అడిగినవాళ్ళని చూశాను.

నేను పొట్టి. తీసుకుంటారా?

తీసుకుంటారు. ఎత్తు నియమం గురించి మీరు విన్నది వాషింగ్టన్ టీమ్‌కి సంబంధించింది. బేస్ టీముల్లో అంత పట్టింపు ఉండదు. పేటిక మోసేటప్పుడు మాత్రం అది ఒరగకుండా ఎదురెదురుగా సమాన ఎత్తు ఉన్నవాళ్ళని నిలబెడతారు.

ఆడపిల్లలు చేరవచ్చా?

నిస్సందేహంగా. అన్ని స్థానాల్లోనూ ఉంటారు. పేటిక మోస్తారు, తుపాకీ పడతారు, టీమ్‌ని నడిపిస్తారు.

సూపర్‌వైజర్ వద్దంటే?

మనుషులు తక్కువగా ఉన్న షాపుల్లో, అంటే పనిచేసే విభాగాల్లో, ఇది నిజంగా సమస్యే. మీరు లేని రోజుల్లో మీ పని ఎవరు చూస్తారో ముందే ఆలోచించుకుని, ఒక ప్లాన్ పట్టుకుని వెళ్ళండి. హానర్ గార్డ్ షెడ్యూలు కూడా వెంట తీసుకెళ్ళండి. కొన్ని బేసుల్లో పూర్తికాలం తీసుకుంటారు, కొన్నిచోట్ల రెండు జట్లు వంతులవారీగా పనిచేస్తాయి. వంతుల పద్ధతి ఉన్నచోట సూపర్‌వైజర్లు త్వరగా ఒప్పుకుంటారు. అప్పటికీ కాదంటే యూనిట్‌లో అందరి మంచిచెడ్డలు చూసే ఫస్ట్ సార్జెంట్‌తో మాట్లాడండి. కానీ సూపర్‌వైజర్‌కి చెప్పకుండా ఆయన తల మీదుగా పైకి వెళ్ళొద్దు. ఆ తర్వాత మీరు తిరిగి వచ్చి పనిచేయాల్సింది ఆయన దగ్గరే.

శిక్షణ ఎలా ఉంటుంది?

చాలా బేసుల్లో దాదాపు రెండు వారాలు. నిలబడటం, తిరగడం, నడవడం మళ్ళీ మొదటినుంచి నేర్పిస్తారు. బేసిక్ ట్రైనింగ్‌లో నేర్చుకున్నది ఇక్కడ సరిపోదు. అంత్యక్రియల్లో సెల్యూట్ చేయి పైకి వెళ్ళడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు. వినడానికి చిన్న విషయమే. చేసి చూస్తే మూడో సెకను దగ్గర చేయి వణుకుతుంది.

జెండాలు మోసే జట్టయిన కలర్ గార్డ్‌లో నలుగురు ఉంటారు. ఇద్దరి చేతుల్లో జెండాలు, రెండు చివర్లా తుపాకులతో ఇద్దరు. జాతీయ జెండా ఎవరి ముందూ వంగదు. ఎయిర్ ఫోర్స్ జెండా వంగుతుంది. గాలి బలంగా ఉన్న రోజున కర్ర నడుము బెల్టుకున్న సాకెట్‌లో కదలకుండా పట్టుకోవడమే పెద్ద వ్యాయామం.

ప్రతి సభ్యుడూ ఒక ప్రతిజ్ఞ కంఠస్థం చేయాలి. కార్యక్రమం ఏదైనా, ఎండ అయినా చలి అయినా, చూసేవాళ్ళు ఎంతమంది అయినా నా పనిలో తేడా రానివ్వను అన్నది అందులో ముఖ్యమైన మాట. మొదట్లో అప్పజెప్పడానికి బట్టీ పడతాం. జనం లేని సెమెటరీకి మొదటిసారి వెళ్ళిన రోజున అది ఎందుకు రాశారో తెలుస్తుంది.

జెండా మడవడం అంత కష్టమా?

కష్టమే. పేటిక మీద కప్పే జెండా అయిదు అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవు ఉంటుంది. నీలం భాగం చనిపోయినవారి తల వైపు, ఎడమ భుజం మీదకి వచ్చేలా పరుస్తారు. దాన్ని నేలకి తగలనివ్వకుండా ఎత్తి, పొడవునా రెండుసార్లు మడిచి, గీతల వైపు నుంచి త్రికోణాలుగా మడుచుకుంటూ రావాలి. పట్టుచీరని ఇద్దరు చెరో కొస పట్టుకుని మడత పెట్టడం మన ఇళ్ళల్లో చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. ఇద్దరి చేతుల్లోనూ బిగువు సమానంగా ఉండాలి, మాట్లాడకూడదు, ఒకరి వేళ్ళు చూసి మరొకరు కదలాలి.

పదమూడు మడతలయ్యాక నీలం మీద తెల్ల చుక్కలు మాత్రమే కనిపించాలి. ఎర్ర గీత అంచు ఎక్కడా బయటికి రాకూడదు. మొదటి మడత అర అంగుళం వంకర పోయినా ఆ తప్పు పెరుగుతూ వచ్చి చివర్లో బయటపడుతుంది. మిగిలిన కొసని లోపలికి దోపి, అంచుల మీద బొటనవేలు నొక్కుతూ పోయి, మూలలు పదునుగా తేలేదాకా సరిచేస్తారు. ట్రైనింగ్‌లో ఎర్ర పోగు కనిపిస్తే మళ్ళీ మొదటినుంచి. చలికాలంలో తెల్ల గ్లోవ్స్ వేసుకుని మొద్దుబారిన వేళ్ళతో చేయాలి, అందుకే అంతగా రుద్దుతారు.

తర్వాత ఒకరు కుటుంబం ముందు వంగి లేదా మోకాలి మీద కూర్చుని, పొడవైన అంచు వారి వైపు ఉండేలా జెండా అందిస్తారు. అధ్యక్షుడి తరఫున, ఎయిర్ ఫోర్స్ తరఫున, కృతజ్ఞత నిండిన దేశం తరఫున, మీ ఆత్మీయుల విశ్వాసపాత్రమైన సేవకి గుర్తుగా దీన్ని స్వీకరించండి అని చెబుతారు. ఆ వాక్యాన్ని చదివినట్టు చెప్పకండి. ఆ మనిషి కళ్ళల్లోకి చూసి, నెమ్మదిగా, ఆ ఒక్కరికే వినిపించేలా చెప్పండి. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడకపోయినా నష్టం లేదు.

టాప్స్ నిజంగా వాయించాలా? నాకు సంగీతం రాదు.

వాయించే మనిషి దొరికితే మంచిదే, కానీ దొరకడం అరుదు. చాలాచోట్ల లోపల చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఉన్న బ్యూగిల్ వాడతారు. బటన్ నొక్కాక కొన్ని సెకన్లు ఆగి మొదలవుతుంది, ఆలోపు బ్యూగిల్ పెదవులకి ఆనించాలి. ఊపిరి తీసుకున్నట్టు భుజాలు కదలాలి, పాట అయ్యాక ఒక క్షణం ఆగి దించాలి. బ్యాటరీ చూసుకోవడం మీ బాధ్యత. బయలుదేరే ముందు ఒకసారి, సెమెటరీకి చేరాక దూరంగా వెళ్ళి ఇంకోసారి చూసుకోండి.

ఆ బాణీలో ఉన్నవి 24 స్వరాలే. అమెరికా అంతర్యుద్ధం జరుగుతుండగా 1862 జులైలో వర్జీనియాలోని హారిసన్స్ లాండింగ్ దగ్గర జనరల్ డానియల్ బటర్‌ఫీల్డ్ పాత పిలుపునొకదాన్ని మార్చి, ఆలివర్ నార్టన్ అనే బ్యూగిల్ వాద్యకారుడితో వాయించి చూశారు. అప్పుడది రాత్రి దీపాలార్పే వేళ పిలుపు. అంత్యక్రియల్లోకి కొద్దికాలానికే వచ్చింది.

తుపాకులు పేల్చేది 21 గన్ సెల్యూటేనా?

కాదు. ఏడుగురు మూడేసి సార్లు పేలిస్తే లెక్క 21 అవుతుంది కాబట్టి చాలామంది అలా అనుకుంటారు. 21 గన్ సెల్యూట్ ఫిరంగులతో, దేశాధినేతల స్థాయివారికి చేసేది. అంత్యక్రియల్లో చేసేవి మూడు వాలీలు, అంటే అందరూ కలిసి ఒకేసారి తుపాకులు పేల్చడం, అలా మూడుసార్లు. ఏడుగురు లేకపోయినా ముగ్గురితో కూడా చేస్తారు. తూటాలు ఖాళీవే, గుళ్ళు ఉండవు. చాలా టీములు పేలిన తొడుగుల్లో మూడింటిని ఏరి కుటుంబానికి జ్ఞాపకంగా ఇస్తాయి. చిన్న పిల్లలు ఎవరైనా ముందు వరసలో ఉంటే, చప్పుడు వస్తుందని అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ డైరెక్టర్‌తో ముందుగా చెప్పించండి. ఇది ఏ రూల్ పుస్తకం కోసమో కాదు, మర్యాద కోసం.

యూనిఫాం నేనే కొనుక్కోవాలా?

సెరిమోనియల్ యూనిఫాం, టోపీ, బెల్టు, భుజం తాడు టీమే ఇస్తుంది. దాన్ని చూసుకోవడం మాత్రం మీ పని. తెల్ల గ్లోవ్స్ ఎప్పుడూ ఒకటికి రెండు జతలు పెట్టుకోండి. బట్టకి అంటుకున్న నూలు పోగులు తీయడానికి టేప్ రోలర్ వ్యాన్‌లోనే ఉండాలి. యూనిఫాం వేసుకుని వ్యాన్‌లో కూర్చుంటే ముడతలు పడతాయి కాబట్టి దూరం వెళ్ళేటప్పుడు కోటు తగిలించి తీసుకెళ్ళి అక్కడ వేసుకుంటారు.

కదలకుండా నిలబడి కళ్ళు తిరిగి పడిపోతే?

పడిపోయినవాళ్ళు ఉన్నారు. మోకాళ్ళు పూర్తిగా బిగించి నిలబడటమే చాలాసార్లు కారణం. బయటికి కనపడనంత కొద్దిగా వంచి ఉంచండి, బూట్ల లోపల కాలివేళ్ళు కదుపుతూ ఉండండి. ముందురోజు నుంచే నీళ్ళు తాగండి. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళొద్దు. కార్తీక సోమవారం ఉపవాసం, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఆ రోజు డ్యూటీ పడితే ముందే జతగాడితో మార్చుకోండి. ఉపవాసంతో ఎండలో పేటిక మోయడం మీకే కాదు, మోసే మిగతావాళ్ళకీ ప్రమాదం.

ఏడుపొస్తే ఏం చేయాలి?

వస్తుంది. చనిపోయినాయన భార్య మీ చేతులు పట్టుకుని వదలకపోతే, అయిదేళ్ళ పిల్లాడు పేటిక వైపు చేయి ఊపితే ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాల మీద కాకుండా వాళ్ళ తలల మీదుగా ఏదో ఒక కొమ్మ మీద చూపు నిలపడం, మడతలు లెక్కపెట్టుకోవడం పనికొస్తాయి. కన్నీరు జారితే జారనివ్వండి, తుడుచుకోవద్దు. ఏ కుటుంబమూ దాన్ని తప్పుపట్టదు.

తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. వ్యాన్‌లో తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడుకోండి. మీ వయసువాడి అంత్యక్రియలు చేసి వచ్చిన రాత్రి నిద్ర పట్టకపోతే అది బలహీనత కాదు. సైన్యంలోని మతగురువు అయిన చాప్లెయిన్‌తో మీరు చెప్పుకున్నది మీ కమాండర్‌కి కూడా చేరదు, ఆ గోప్యత నియమం గట్టిది. మీరు ఏ మతంవారైనా ఆయన దగ్గరికి వెళ్ళవచ్చు.

అమ్మానాన్నలు అశుభమని వద్దంటున్నారు. ఏం చెప్పాలి?

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. "అమెరికా పంపించింది శవాలు మోయడానికా నాయనా?" అని ఫోన్‌లో ఏడ్చిన తల్లులున్నారు. పెళ్ళి కావలసిన పిల్ల, పండగపూట, ఇంట్లో కడుపుతో ఉన్న వదిన... వాళ్ళ భయాన్ని కొట్టిపారేయకండి. మైల పట్టింపు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి అది నిజమైన భయం.

స్నానం చేసి ఇంట్లోకి వస్తానని చెప్పండి, అలాగే చేయండి. పండగ రోజుల్లో డ్యూటీ మార్చుకునే వీలుంటే మార్చుకోండి. ఆ తర్వాత అసలు విషయం చెప్పండి. మనిషి పోతే మోయడానికి నలుగురుండాలని మన పెద్దవాళ్ళే అంటారు. దిక్కులేని ప్రేతానికి సంస్కారం చేస్తే యాగం చేసినంత పుణ్యమని చెప్పిందీ వాళ్ళే. ఇక్కడ ఒంటరిగా పోయే వృద్ధ సైనికులు ఉన్నారు. భార్య ముందే పోయి, పిల్లలు లేక, లేదా ఎక్కడున్నారో తెలియక. ఒక వాన రోజున మేం వెళ్ళిన చోట కుర్చీలన్నీ ఖాళీ. ఫ్యూనరల్ డైరెక్టర్, సెమెటరీ ఉద్యోగి ఒకామె, మేం ఇద్దరం. సెల్యూట్‌కి అదే మూడు సెకన్లు, జెండాకి అవే పదమూడు మడతలు. జెండాని ఆ ఉద్యోగినికి అందించి, కుటుంబంతో చెప్పే మాటే ఆమెతో చెప్పాం. నలభై, యాభై ఏళ్ళ కిందట ఆ చనిపోయినాయన చేసిన సేవకి దేశం తరఫున ఆ రోజు అక్కడ ఉన్నది మేమే. ఈ మాట విన్నాక మా ఇంట్లో అభ్యంతరం చెప్పినవాళ్ళు లేరు.

బొట్టు, చేతికి దారం ఉంచుకోవచ్చా?

2022లో వ్యోమింగ్‌లోని ఎఫ్.ఈ. వారెన్ బేస్‌లో ఒక హిందూ ఎయిర్‌మన్‌కి యూనిఫాంలో తిలకం పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు. కాబట్టి దారి ఉంది. అయితే రాతపూర్వకంగా దరఖాస్తు చేసి అనుమతి తెచ్చుకోవాలి. అది చేతికొచ్చాక హానర్ గార్డ్ ట్రైనర్‌కి మొదటి రోజే చూపండి, కార్యక్రమం రోజున కాదు. దారాలు, వాచీ, గాజులు గ్లోవ్ అంచు దాటి కనిపించకూడదు. శాకాహారులైతే మీ డబ్బా మీరే తెచ్చుకోండి, దారిలో ఏం దొరుకుతుందో చెప్పలేం.

జీతం పెరుగుతుందా? ప్రమోషన్‌కి పనికొస్తుందా?

జీతంలో అదనంగా ఏమీ కలవదు. చాలా బేసులు విడత పూర్తిచేసినవారిని అచీవ్‌మెంట్ మెడల్‌కి సిఫారసు చేస్తాయి, వార్షిక నివేదికలో రాసుకోవడానికి మంచి విషయమూ అవుతుంది. కానీ దానికోసమే చేరితే నిరాశపడతారు. మీ అసలు ఉద్యోగంలో పరీక్షలు, సర్టిఫికెట్లు వెనకబడకుండా చూసుకోవడం మీ చేతుల్లోనే ఉంది.

మా ఇంట్లో మాజీ సైనికుడు ఉన్నారు. ఈ లాంఛనాలు మాకు ఎలా వస్తాయి?

గౌరవప్రదంగా సర్వీసు ముగించిన ప్రతి మాజీ సైనికుడి కుటుంబానికీ ఇది హక్కు, దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. కానీ అడగాలి, వాళ్ళంతట వాళ్ళు రారు. ఫ్యూనరల్ హోమ్‌కి చెబితే వాళ్ళే ఏర్పాటు చేస్తారు. దానికి డీడీ 214 అనే డిశ్చార్జి కాగితం కావాలి. అది ఏ పెట్టెలో ఉందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. దుఃఖంలో ఉన్న రోజున వెతకడం చాలా కష్టం.

మనవాళ్ళు దహనం చేస్తారు కదా, అప్పుడెలా అని అడుగుతారు. ఏ ఇబ్బందీ లేదు. దహనానికి ముందు ఫ్యూనరల్ హోమ్‌లో చేయించుకోవచ్చు, తర్వాత అస్థికల కలశం దగ్గరా చేయించుకోవచ్చు. కలశం ఉన్నప్పుడు ముందే మడిచి తెచ్చిన జెండాని విప్పి, చూపించి, మళ్ళీ మడిచి ఇస్తారు. జెండాని దహనంలో పెట్టరు. పురోహితుడు చేసే కార్యక్రమానికి ముందా, తర్వాతా అన్నది టీమ్‌కి ముందురోజే చెప్పండి, వాళ్ళు ఆగుతారు. జాతీయ సెమెటరీల్లో ప్రభుత్వం ఇచ్చే సమాధి రాయి మీద చెక్కించుకునే మత చిహ్నాల్లో ఓంకారం కూడా ఉంది.